ఆ పుస్తకంలో కొబ్బరి బొండాం లేదు

ఈ ఏడాదిన్నరలో నేను మూడువందల సినిమాలు చూశాను, నూరు పుస్తకాలు చదివాను. మా ఊళ్లో ఎవరడిగినా ఈ లెక్కే చెబుతున్నాను. విన్నవాళ్లు నా ఒంటిని మరిచిపోయి "అబ్బో" అంటారు. ఆ అబ్బో కోసమే చెబుతాను.

కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఇక్కడ సరైన లెక్క చెప్పాలి. సినిమాలు నలభైకి కాస్త తక్కువ. పుస్తకాలు ఏడు, అందులో రెండు సగం సగం. అచ్చులో ఉన్నదాన్ని ఒక మనిషి నమ్మితే ఏమవుతుందో నాకిప్పుడు తెలుసు. అది తెలియడానికి ఇంకొకడి ప్రాణం మీదికి తెచ్చాను.

కాశీబుగ్గలో ఒక సినిమా హాల్లో ముప్పై రెండేళ్లు పనిచేశాను. ఆపరేటర్‌నని చెప్పుకుంటాను. నిజానికి గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ణి. గేటువాడికి పూర్తి సినిమా దక్కదు. ఆలస్యంగా వచ్చేవాళ్లను లోపలికి పంపి, తెర పక్కన పది నిమిషాలు నిలబడతాడు. ఇంటర్వెల్‌కి తలుపులు తీయాలి. చివర్లో జనం లేవకముందే మళ్లీ తీయాలి. అలా నేను వేల సినిమాల తలలూ తోకలూ చూశాను. మధ్యలో కథ నేనే కట్టుకుని, ఇంటికెళ్లి మా నీలవేణికి మొత్తం చెప్పేవాణ్ణి. ఆమె తర్వాత హాలుకొచ్చి అసలు సినిమా చూసి, "నువ్వు సెప్పిందే బాగున్నాది" అనేది. నన్ను చెడగొట్టింది ఆ మాటే.

వానాకాలం

మా ఉద్దానంలో ఒకడికి కాళ్లు వాస్తే ఏమైందని ఎవరూ అడగరు. "ఎంతుంది" అని అడుగుతారు. రక్తపరీక్షలో కిడ్నీల సంగతి చెప్పే అంకె గురించి ఆ ప్రశ్న. నాకు తొమ్మిది దాటింది. మూడని చెప్పాను. మూడుకే ఇంత వాపేమిటని ఎదురింటాయన నా పాదాల వైపు చూస్తే, లుంగీ కిందికి దింపుకున్నాను.

టెక్కలిలో డాక్టరు గది ముందు బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాం. నంది‌గాం నుంచి వచ్చిన ఒక ముసలావిడ, నీలవేణి నిలబడి ఉండడం చూసి, తన మనవరాలిని ఒళ్లోకి తీసుకుని చోటిచ్చింది. అక్కడ కూర్చున్నవాళ్లలో సగంమందికి తలుపు లోపల ఏం చెబుతారో ముందే తెలుసు. నా వంతు వచ్చాక నాకూ తెలిసింది. ఇక వారానికి మూడు రోజులు పలాస వెళ్లి రక్తం కడిగే యంత్రానికి తగిలించుకోవాలి. మంగళ, గురు, శనివారాలు, ఒక్కోసారీ నాలుగు గంటలు.

ఆ మాట విని నేను నవ్వానని ఊళ్లో చెప్పాను. నిజానికి టెక్కలి బస్టాండులో ఏడ్చాను. నీలవేణి నాకు ఎదురుగా వచ్చి, బస్సుల వైపు వీపు పెట్టి, పైట కొంచెం విప్పి పట్టుకుని నిలబడింది. ఎవరికీ నా మొహం కనిపించలేదు. పలాస బస్సు రెండుసార్లు వచ్చి వెళ్లినా ఆమె కదల్లేదు.

అప్పటినుంచి ఇంట్లో నీళ్ల కుండ ఆమె చేతిలోకి వెళ్లింది. తాగింది ఒంట్లోనే నిలిచిపోతుంది కాబట్టి రోజుకి రెండున్నర గ్లాసులు, మందుబిళ్లలకి వాడే నీళ్లతో కలిపి. నోరు పుక్కిలించి ఉమ్మినట్టు నటించి మింగేవాణ్ణి. ఆమె కనిపెట్టి, పుక్కిలించేటప్పుడు కూడా పక్కన నిలబడడం మొదలుపెట్టింది. నలభై ఏళ్ల కాపురంలో మేం తిట్టుకున్న తిట్లన్నీ ఒకవైపు, ఆ వానాకాలంలో నీళ్ల కోసం తిట్టుకున్నవి ఒకవైపు. చూరు నుంచి నీళ్లు కారుతుంటే నేను లోపల కూర్చుని వాటి వైపు చూసేవాణ్ణి.

జీడి పూత

యంత్రం పక్కన పడుకునేవాడికి పుస్తకం ఎంచుకోవడంలో మొదట చూడాల్సింది బరువు. ఎడమచేతిలో సూదులుంటాయి, దాన్ని కదపకూడదు. కుడిచేత్తో పట్టుకుని, ఆ చేతి బొటనవేలితోనే పేజీ తిప్పాలి. గొప్ప పుస్తకాలన్నీ లావుగా ఉంటాయి. గంట దాటితే గొప్పతనమంతా మణికట్టు మీద పడుతుంది. అందుకని సన్నటివే తెచ్చుకునేవాణ్ణి, పాత పుస్తకాల దుకాణంలో అట్ట చిరిగినవి.

సినిమాలు నీలవేణి ఫోనులో చూసేవాణ్ణి. ఆసుపత్రి సీన్లున్నవి మానేశాను. సినిమాలో జబ్బు మనిషి తల చెదరకుండా పడుకుంటుంది, ఎవరి మొహమూ వాయదు, ఎవరూ బకెట్లో కక్కరు, తెర మీద గీత తిన్నగా అయిపోతే ప్రాణం పోయినట్టు. ఇన్నాళ్లుగా ఆ యంత్రాల మధ్య ఉన్నాను, ఒక్కరూ అలా పోలేదు. ఇళ్ల దగ్గర పోతారు. మనం మంగళవారం వచ్చేసరికి ఆ మంచం మీద దుప్పటి మార్చి ఉంటుంది. ఫైటింగు సినిమాలకి నిద్రపోయేవాణ్ణి. వానపాటలు మాత్రం వెనక్కి జరిపి జరిపి చూసేవాణ్ణి. హీరోయిన్‌ని చూస్తున్నాడనుకుని సిస్టర్ నవ్వేది. నేను నీళ్లను చూసేవాణ్ణి.

జీడి తోటలు పూతకొచ్చిన రోజుల్లో నా పక్క మంచానికి ఎర్రయ్య వచ్చాడు. బారువ పక్క పేటలోంచి సముద్రం మీద చేపల వేటకెళ్లేవాడు. నాకంటే పదేళ్లు చిన్న. మొదటి రెండు వారాల్లో మూడుసార్లు ఎగ్గొట్టాడు. చేప పడిందంటే పడవ ఎక్కేసేవాడు. తర్వాత వాచిపోయి, ఊపిరాడకుండా ఉన్న అతన్ని భార్య పోలమ్మ ఆటోలో పడేసి తెచ్చేది. ఎండుచేపల గంప తోటివాళ్లకి అప్పగించి వచ్చేది ఆమె. ఇలా ఎగ్గొడితే ఒకరోజు రావడానికి మనిషుండడని సిస్టర్ చెప్పింది. ఎర్రయ్య పైకప్పు వైపు చూశాడు.

ఆ రోజు నా చేతిలో ఉన్న పుస్తకం వైపు తల తిప్పి, ఏం చదువుతున్నావని అడిగాడు. పడవవాడి కథ అన్నాను. ఏ ఊరివాడని అడిగాడు. ఆ పుస్తకంలోది ఏరు దాటించే పడవ. ఎర్రయ్య మొహం చూసి, ఏటిని సముద్రం చేసేశాను. సూరయ్య అనే ఆ పడవవాణ్ణి వేటకి పంపాను. వల ఎలా వేశాడో చెబుతుంటే ఎర్రయ్య ఆపి, "అలగెయ్యరు మావా, రాసినోడెవుడో గానీ పడవెక్కినోడు కాదు" అన్నాడు. సరిదిద్దాడు. మంచి ఘట్టం దగ్గర సూదులు తీసే వేళయింది. నేను పుస్తకం మూసేశాను.

గురువారం నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. శనివారమూ అంతే. నెల గడిచింది, ఒక్కసారీ మానలేదు. పోలమ్మ నా దగ్గరికొచ్చి, "ఏటి మందెట్టినావు మావా, తెల్లారకముందే లెగిసి ఆటో కోసం సూత్తన్నాడు" అంది. ఎండుచేపలు మనకి పనికిరావు కాబట్టి, నీలవేణికి ఇవ్వమని ఒక పొట్లం ఇచ్చింది. నా బతుకులో అంతకంటే పెద్ద బహుమతి తీసుకోలేదు. ఇది పెంచి చెప్పడం కాదు.

ఎండలు

పుస్తకం ఏదైనా ముందు చివరి పేజీ చూసే అలవాటు నాకు గేటు దగ్గర పట్టుకున్నది. సూరయ్యకి జబ్బు చేస్తుంది, చివరి పేజీలో పోతాడు. ఆ సంగతి నా దగ్గరే ఉంచుకున్నాను. ఎందుకంటే సూరయ్య మంచం పట్టాడని చెప్పినరోజే ఎర్రయ్య అన్నాడు: "ఈడు గానీ సచ్చిపోతే నాను మరి రాను. సచ్చిపోయేవోడి కత ఇనడానికి ఇంత దూరం రావాలేటి? మా పేటలో ఉన్నారు."

సూరయ్యని లేపి నిలబెట్టక తప్పలేదు.

అది వైశాఖంలో ఒక శనివారం. పొద్దున పదికే రేకులు మండుతున్నాయి. నా నాలుక అంగిలికి అంటుకుపోతోంది. మా ఇంటి చుట్టూ నలభై కొబ్బరిచెట్లున్నాయని అందరికీ చెబుతాను. పదకొండు. ఆ పదకొండింటి కింద కూర్చుని ఏడాదిగా ఒక్క బొండాం ముట్టలేదు. అందులోని పొటాషియం గుండెని పట్టేస్తుంది, మాలాంటివాళ్లకి అది విషమే. ఏమేం తాగకూడదో, తినకూడదో రాసిన బోర్డు ఎర్రయ్య తలవైపు గోడకే ఉంది. మొదటి వరసలో కొబ్బరినీళ్లు. ఎర్రయ్యకి చదువు రాదు. నాకు వచ్చు. కథ చెబుతున్నంతసేపూ ఆ బోర్డు నా కళ్లెదురుగానే ఉంది.

కళ్లు మూసుకుని చెప్పాను. సూరయ్య తల్లి చెట్టు ఎక్కించి లేత బొండాం దింపించింది. కత్తితో మూడు దెబ్బల్లో మూతి చెక్కింది. సూరయ్య రెండు చేతులతో ఎత్తి పట్టుకుని తాగాడు. నీళ్లు గడ్డం మీంచి మెడకీ, మెడ మీంచి ఛాతీకీ కారాయి. ఇంకొకటి తాగాడు. రెండో రోజూ తాగాడు, మూడో రోజూ తాగాడు. మూడో రోజు లేచి పడవ దగ్గరికి నడిచి వెళ్లాడు. చెబుతుంటే నా గొంతు చల్లబడింది. కళ్లు తెరిచి చూస్తే ఆరు మంచాల మీదా మాట లేదు. ఆ వార్డులో అందరం తాగుతున్నాం.

ఎర్రయ్య అడిగాడు: "ఇది పుత్తకంలోనే ఉందా మావా?"

"ఇదుగో, నూట పదో పేజీ" అని బొటనవేలు పెట్టి చూపించాను. నా వేలి కింద ఉన్నది పడవకి తారు పూయడం గురించి.

మంగళవారం ఎర్రయ్యని ఆటోలోంచి ఇద్దరు మోసుకొచ్చారు. కాళ్లు ఎత్తలేకపోతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. సిస్టర్ పరుగెత్తింది, డాక్టరు వచ్చాడు, మా ఇద్దరి మధ్య తెర లాగారు. తెర కింద నుంచి చెప్పులు కనిపించేవి, అటూ ఇటూ. నా ఎడమచేయి కదపకూడదు. కదపగలిగినా చేసేదేమీ లేదు. ఏం పెట్టావని సిస్టర్ పోలమ్మని అడుగుతోంది. పోలమ్మ ఏడుస్తూ చెప్పింది, ఆదివారమూ సోమవారమూ బొండాలు దింపించుకుని తాగాడని, వద్దంటే పుస్తకంలో ఉంది, మావ చదివాడు అన్నాడని.

సిస్టర్ తెర తొలగించి నా వైపు చూసింది.

"నేనెక్కడ చదివాను? ఎర్రయ్య ఏదో కలగని ఉంటాడు" అన్నాను.

ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టి రెండు నెలలైంది. ఈ వాక్యం దగ్గరే ఆగిపోతూ వచ్చాను. జబ్బు గురించి రాయడం కష్టం కాలేదు.

ఎర్రయ్యని శ్రీకాకుళం పంపారు. పదకొండు రోజులు ఆ మంచం మీద వేరే ఎవరో పడుకున్నారు. ప్రతిసారీ తలుపు తోసుకుని వస్తూ మొదట దుప్పటి చూసేవాణ్ణి. ఇంట్లో నీలవేణికి జరిగింది చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి, "నాకు సెప్పినంతకాలం ఎవులూ సావలేదు" అంది. మళ్లీ చాట అందుకుంది.

పన్నెండో రోజు అతను వచ్చాడు, సగమై. గుండె దెబ్బతిందని, ఇక పడవ ఎక్కకూడదని చెప్పి పంపారట. మంచం మీద పడుకున్నాక, సిస్టర్ అవతలికి వెళ్లేదాకా ఆగి, నా వైపు వంగి చాలా మెల్లగా అన్నాడు: "మూడ్రోజులు తాగాలని పుత్తకంలో ఉంది గదా మావా. నాను రెండ్రోజులే తాగినాను. అందికే తిరగబెట్టింది. ఈపాలి మూడూ తాగుతాను. దానికి సెప్పకు."

దానికి అంటే పోలమ్మకి.

మొదట సగం చెప్పి తప్పించుకోబోయాను. అది పాతకాలం పుస్తకం, అప్పటి జబ్బులు వేరు అన్నాను. అప్పటివాళ్లు మనుషులు కారా అని అడిగాడు. అచ్చులో ఊరికే రాస్తారా అని అడిగాడు.

"ఎర్రయ్యా, పుస్తకంలో కొబ్బరి బొండాం లేదు. నేనే పెట్టాను. నాకు దాహమేసి పెట్టాను" అన్నాను.

నమ్మలేదు. ఎవరైనా భయపెట్టి ఇలా చెప్పిస్తున్నారా అన్నాడు. సిస్టర్‌ని పిలిచి పుస్తకం ఇచ్చి, నూట పదో పేజీ గట్టిగా చదవమన్నాను. ఆమె చదివింది. తారు ఎలా కాచాలి, ఏ గుడ్డతో పూయాలి, ఎండలో ఎన్నాళ్లు ఆరబెట్టాలి. పేజీ చివరిదాకా చదివింది. ఆరు మంచాలూ విన్నాయి. ఎర్రయ్య గోడవైపు తిరిగాడు. ఆ రోజు నాలుగు గంటలూ అతని వీపు చూశాను.

బయట వరండాలో పోలమ్మ నన్ను ఆపింది. అరవలేదు. "ముసిలోడివి. నా మొగుడు కలగన్నాడని సెప్పినావు. నాను కూడా ఆడినే తిట్టినాను. ఆడి పేనం నీకు సినిమానేటి?" అంది.

మళ్లీ వానలు

మరుసటి మంగళవారం ఎర్రయ్య రాలేదు. కథా లేదు, సముద్రమూ లేదు, ఇక ఎందుకొస్తాడు? గురువారం పోలమ్మ లాక్కొచ్చింది. అతను సిస్టర్‌ని అడిగి తలుపు పక్క మంచానికి మారాడు. కొన్నిసార్లు వచ్చేవాడు, కొన్నిసార్లు మానేవాడు. మానిన రోజు నేను లెక్క పెట్టేవాణ్ణి, శనివారం నుంచి మంగళవారానికి మూడు రోజులు, అతను మానితే ఐదు. ఐదు రోజులు మాలాంటివాడు ఎలా ఉంటాడో నాకు తెలుసు.

ఫోను ఇంట్లో వదిలేసి వచ్చేవాణ్ణి. పుస్తకాలు తెచ్చుకునేవాణ్ణి కానీ, పైకి చదివేవాణ్ణి కాదు. బతుకులో మొదటిసారి ఒక పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా చదివాను. చాలా కష్టం. మధ్యలో ఏమీ జరగని పేజీలుంటాయి. గేటువాడెప్పుడూ చూడనివి అవే. ఒకడు అన్నం తింటాడు, కాళ్లు కడుక్కుంటాడు, ఎవరి కోసమో ఎదురు చూస్తాడు. నేను దాటేసినవన్నీ అలాంటి పేజీలే, జబ్బు పడ్డాక నా రోజులన్నీ కూడా అవే.

ఇది చదివేవాళ్లలో మా వైపు యంత్రం మీద బతుకుతున్నవాళ్లుంటే ఒక్క మాట. బొండాం ముట్టకండి. ఏ పుస్తకంలో ఉన్నా, ఎవరు వేలు పెట్టి చూపించినా, సిస్టర్‌నే అడగండి. దాహం మనచేత ఏమైనా పలికిస్తుంది.

ఇప్పుడు

చలి మొదలయ్యాక నాకు అవతలి పక్క మంచం ఖాళీ అయింది. టెక్కలిలో ఆనాడు నీలవేణికి చోటిచ్చిన ముసలావిడది. ఆమెకీ ఈ జబ్బే ఉందని అప్పుడు తెలీదు. మనవరాలిని తీసుకొచ్చిందనుకున్నాను. దుప్పటి మార్చిన రోజు మంచాలు సర్దారు, ఎర్రయ్య మళ్లీ నా పక్కకి వచ్చాడు. గంటసేపు పైకప్పు చూసి, పైకప్పుతోనే అన్నట్టు అడిగాడు.

"ఆ పుత్తకం ఉందేటి?"

ఉందన్నాను.

"మొదట్నించి సదువు. అచ్చరం మీద ఏలెట్టి సదువు. ఏటీ కలపకు."

చదివాను. ఒక్క చేత్తో పుస్తకం పట్టుకుని అక్షరం మీద వేలు పెట్టడం కుదరదు. పొట్ట మీద ఆనించి చదివాను. సముద్రం లేదేమిటని అడిగాడు. లేదన్నాను. వల లేదా అన్నాడు. అదీ లేదన్నాను. నిరాశపడ్డాడు, దాచుకోలేదు. అయినా ఆపమనలేదు. నూట పదో పేజీ వచ్చినప్పుడు ఇదేనా అని అడిగి, ఇదేనంటే, తారు కాచడం మాత్రం వీడు సరిగ్గానే రాశాడన్నాడు. సూరయ్య మంచం పట్టాడు. ఏం తాగుతున్నాడని అడిగాడు. గంజి అని రాసి ఉంది, గంజి అన్నాను. ఇంకేమీ తాగలేదా అన్నాడు.

"రాయలేదు" అన్నాను. నా గొంతులో పది రకాల నీళ్లు కదిలాయి. మింగేశాను.

నిన్న గురువారం చివరి పేజీకి వచ్చాం. అక్కడ ఏముందో నాకు తెలుసు, అతను ఏమన్నాడో కూడా గుర్తుంది. చనిపోతే మరి రానన్నాడు. పుస్తకం మూసి, మిగతా కాగితాలు చిరిగిపోయాయని చెప్పొచ్చు. అట్ట ఎలాగూ లేదు, నమ్మేవాడు. చదివేశాను. సూరయ్య పోయాడు. తెల్లారి పడవ ఒడ్డునే ఉంది, ఎవరో వచ్చి తాడు విప్పారు. అంతే.

ఎర్రయ్య సిస్టర్‌ని పిలిచి, ఆ ఆఖరి మాటలు చదివి పెట్టమన్నాడు. ఆమె చదివింది. అవే మాటలు. అతను తలాడించాడు. నా చేతిలో పుస్తకం బరువుగా లేదు, అయినా చేయి నొప్పెట్టింది.

సూదులు తీశారు. దూది అదిమిపట్టుకుని, పోలమ్మ భుజం మీద చేయి వేసి లేచాడు. ఆమె నా వైపు చూడలేదు, చూడదు. తలుపు దాకా వెళ్లి ఎర్రయ్య ఆగాడు. నాతో కాదు, సిస్టర్‌తో అన్నాడు.

"శనారం ఏ పుత్తకం తెత్తాడో అడుగు."

రేపు శనివారం. సన్నటిది ఒకటి తీసి సంచిలో పెట్టాను. చివరి పేజీ చూడలేదు.